ఫిర్యాదు రాని ముప్పై రోజులు

గిద్దలూరులో మేడ మీది గదిలో ఒక్కణ్ణే ఉంటాను. కొత్త సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను పరీక్షించి, నమ్మి వాడుకోవచ్చని ‘స్టేబుల్’ ముద్ర వేయడం నా పని. మా బృందంలో తలా ఒక దేశం. రాతలే తప్ప మాటల్లేవు. నియమం చిన్నది. ప్యాకేజీని ముందుగా కొందరు ముప్పై రోజులు వాడాలి, ఒక్క ఫిర్యాదూ రాకూడదు, చివర్లో నేను స్వయంగా వాడి చూడాలి. మౌనం అర్ధాంగీకారం అంటారు. మేం దాన్ని పూర్తి అంగీకారం చేసుకున్నాం.

తెరమీది తెలుగును పైకి చదివి వినిపించే ప్యాకేజీ ఒకటి నా వంతుకొచ్చింది. దాన్ని ముందుగా వాడేది ఒకే ఒక్క మనిషి, వెలిగండ్ల ఊళ్లో ఉండే అక్క. ఆమెకు చూపు లేదు. ఆదివారం చర్చిలో పిల్లలకు చెప్పాల్సిన పాఠాన్ని వారమంతా కంప్యూటర్ చేత చదివించుకుని బట్టీపట్టేది. ఒత్తు పలకలేదని, దీర్ఘం మింగేసిందని వారానికో మెయిల్ పెట్టేది. నాకొచ్చే మెయిళ్లలో మనిషి అలికిడి ఉన్నవి అవే. అయినా విసుక్కునేవాణ్ణి.

కొత్త వెర్షన్‌కు ముప్పై రోజులైనా ఒక్క మెయిలూ రాలేదు. అక్క నోరు మూయించానని మురిసిపోయాను. నేనూ తెరిచి చూశాను. ఎక్కడ చదువుతోందో చూపించే గుర్తు అక్షరాల మీద కదిలింది, ఎర్రర్ లేదు. ముద్ర వేశాను. స్పీకర్ వైరు పీకేసి ఎన్ని నెలలైందో నాకే గుర్తు లేదు.

రెండో రోజు అక్క ఫోన్ చేసింది.

“నెల నుంచి ఒక్క ముక్క పలకలేదు తమ్ముడా. అది పలకకుంటే నేనెట్ల రాసేది? నీ నంబరు గూడా దాంట్లోనే ఉండె. ఇయ్యాల పాస్టరమ్మ వెతికి తీసింది. నాలుగు ఆదివారాలు పిల్లోళ్లను పాటలతోనే పంపించినా.”

తల కొట్టేసినట్టయింది. ముద్ర తీసేసి, తప్పు నాదేనని బృందానికి రాసి, పొద్దున్నే రెండు బస్సులు మారి వెలిగండ్ల వెళ్లాను. అక్క కంప్యూటర్‌లోకి పాత వెర్షన్ దిగడానికి గంట పట్టేట్టుంది.

“అంతదాకా నువ్వు చదువు,” అని అక్క పాఠం పుస్తకం నా చేతికిచ్చింది.

మొదటి వాక్యానికే గొంతు పట్టేసింది. దగ్గి మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ పూడుకుపోయింది. అక్క తల పక్కకు వంచి విన్నది.

“ఏంది తమ్ముడా, నువ్వు నోరు తెరిచి ఎన్నాళ్లయింది?”

లెక్క వేసుకున్నాను. మనిషికి ఎదురుగా కూర్చుని మాట్లాడి ముప్పై రోజులు ఎప్పుడో దాటింది. ఎవరి నుంచీ ఫిర్యాదు రాలేదు.