మందుల సాయిబు అంగడికి నేను పెట్టిన వంక

కర్నూలులో నేను బేరమాడి ధర దించని అంగడి లేదు. గాజులవాడు, గుడ్డలవాడు, వంకాయల బుట్టామె, అందరూ నన్ను దూరం నుంచి చూడగానే ఒక అణా పెంచి చెప్పేవాళ్ళు, తర్వాత తగ్గించడానికి చోటుండాలని. అలాంటి పేరు నాది. కానీ నా గొప్పల్లో అన్నిటికంటే పెద్దది ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు. ఒక అంగడిని నేను బేరమాడి మూయించాను.

ఇది ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. మింగాను. మింగిన మాట అరగదని ఇన్నేళ్ళకు తెలిసింది. అరగడానికి పొడి అడుగుదామంటే, ఆ పొడి ఇచ్చే మనిషినే కదా నేను పంపించేసింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కొంచెం సులువు.

మా నాయనది పప్పుదినుసుల అంగడి. మా ఇంట్లో పిల్లలకు ఓనమాల కంటే ముందు వచ్చేది వంక పెట్టడం. సరుకు ఎంత బాగున్నా కొనేటప్పుడు మొహం చిట్లించాలి. శెనక్కాయలు చేతిలో పోసుకొని మట్టి ఎక్కువుందనాలి. కందులు కొరికి పచ్చి అనాలి. అది వట్టి మాటని అమ్మేవాడికీ తెలుసు. వాడు ఒట్టు పెట్టుకుంటాడు, మనం రెండడుగులు వెనక్కి వేస్తాం, వాడు పిలుస్తాడు. ఎవరికీ కోపం రాదు. సాయంత్రానికి ఆ వంక ఎవరికీ గుర్తుండదు. పుచ్చు అన్నంత మాత్రాన వంకాయ పుచ్చిపోదు కదా.

మందుకు అలా కుదరదని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్నా?

మా వీధి మొదట్లో ఒంటి తలుపు అంగడి. ఆయనకు వేరే పేరుండేది గానీ పేటకంతా మందుల సాయిబే. మిలిటరీలో కాంపౌండరుగా చేసి వచ్చాడు. సీసా మనమే కడిగి తీసుకుపోవాలి. ఆయన డాక్టరు చీటీ చూసి, కొలిచి, కలిపి, బిరడా బిగించి, మోతాదులు తెలిసేలా అంచు కత్తిరించిన కాగితం సీసాకు అంటించి ఇచ్చేవాడు. చీటీ లేనివాళ్ళకు నాలుక చూసేవాడు. కొందరికి మందే ఇవ్వడు. సగ్గుబియ్యం గంజి తాగమని ఉత్త చేతులతో పంపేవాడు. వ్యాపారస్తుల ఇంట పుట్టినదాన్ని, అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అంగడి వెనక ఒక గది, మధ్యలో పరదా. ఆ గదిలో ఆయన భార్య బీబమ్మ. వెనక సందులోంచి ఆ గదికి ఇంకో వాకిలి ఉంది. మా పేట ఆడవాళ్ళు మగ డాక్టరుకు చెప్పలేని బాధలన్నీ ఆ గదిలో కూర్చొని బీబమ్మకు చెప్పుకునేవాళ్ళం. ఆమె పరదా దగ్గరికి పోయి భర్తకు ఉర్దూలో రెండు ముక్కలు చెప్పేది. ఎవరి బాధ అని ఆయన ఒక్కనాడూ అడగలేదు. పొట్లం పరదా కింది నుంచి వచ్చేది. మా మగవాళ్ళు మాత్రం ఆ అంగడిలో దగ్గు మందు ఒక్కటే దొరుకుతుందనుకునేవాళ్ళు.

ఒక సాయంత్రం మా చిన్నవాడిని చంకనేసుకొని దగ్గు మందుకు పోయాను. అంగడి ముందు ఐదారుగురున్నారు. జనం ఉంటే నాకు బేరం ఇంకా బాగా వస్తుంది. ఆయన ఆరణాలన్నాడు. నేను సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను.

“కాలువ నీళ్ళకు రంగేసి ఆరణాలా సాయిబూ? నీళ్ళు నేనే తెస్తా, రంగు నువ్వు ఎయ్యి. మూడణాలిస్తా.”

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. మందుకు బేరమేందమ్మా అని ఎప్పుడూ అనేవాడు ఆ రోజు మాత్రం అనలేదు. మా వాడు దగ్గుతూనే ఉన్నాడు. వాడి వైపు చూసి నాలుగణాలు చాల్లే అన్నాడు. గెలిచాను. సీసా ఊపుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆయన తగ్గించింది పిల్లవాడి దగ్గు విని. అక్కడ నిలబడ్డవాళ్ళు మాత్రం నా మాట నిజమైనందుకే తగ్గించాడనుకున్నారు. ఆయన దయే ఆయన మీద సాక్ష్యం చెప్పింది.

నెల తిరక్కముందే కొళాయి దగ్గర లక్ష్మక్క నా చెవి దగ్గరికి వంగింది. లక్ష్మక్కది మా పక్కిల్లు, మగ్గం నేస్తుంది. మందుల సాయిబు కాలువ నీళ్ళు కలుపుతాండాడంట, ఎవరో మొహం మీదే అడిగితే భయపడి ధర తగ్గించినాడంట, చూసినోళ్ళే చెప్పినారు అంది. నా మాటే. పేటంతా తిరిగి, బాగా ఒళ్ళు చేసి, కన్నతల్లిని గుర్తుపట్టకుండా వచ్చి నా ముందు నిలబడింది. నేనేమన్నాను? “అవునా అక్కా?” అన్నాను.

ఎందుకు అలా అన్నాను? దగ్గు మిక్చరులో నీళ్ళుంటాయని నాకు తెలియదా? ఉండాలి. ఆయన మరగబెట్టి, గుడ్డతో వడగట్టిన నీళ్ళే పోసేవాడు. పప్పులో నీళ్ళు పోసిందని వంటామెను తరిమేస్తామా? ఈ ఒక్క ముక్క ఆ రోజు కొళాయి దగ్గర అని ఉంటే నవ్వుకొని బిందెలెత్తుకునేవాళ్ళం. అనలేదు. మొదట సిగ్గు. తర్వాత సిగ్గు కంటే పాడుదైన తెలివి: నేను సరుకు మీద అబద్ధమాడానని నేనే ఒప్పుకుంటే, రేపటి నుంచి నేను పెట్టే వంకకు ఏ అంగడివాడు విలువ ఇస్తాడు?

కర్నూలు రాజధాని అయిన రోజులవి. అద్దెలు పెరిగాయి. పెద్ద బజారులో అద్దాల బీరువాలతో మందుల షాపులు వెలిశాయి. కలిపే పని లేని తయారు మాత్రలు వచ్చాయి. అవన్నీ వచ్చినా మా సాయిబు అంగడి ముందు సీసాలు పట్టుకొని జనం నిలబడుతూనే ఉండేవాళ్ళు. నా మాట తిరిగాక పలచబడ్డారు. సీసాలు పెద్ద బజారు దారి పట్టాయి.

ఒకనాడు బీబమ్మ నన్ను వెనక గదికి పిలిపించింది. నాకు టీ ఇచ్చి, నేను తాగేదాకా ఆగి, నెమ్మదిగా మొదలుపెట్టింది.

“ఆ మాట నువ్వు బేరానికి అన్నావని నాకు తెలుసు చెల్లే. ఈడికొచ్చే ఆడోళ్ళు నాకు చెప్పకుండా ఉంటారా? ఆయనకు నేను చెప్పలే.”

“నవ్వులాటకి అన్నా అక్కా.”

“నవ్వులాటకే. అదే నవ్వులాటగా అంగడి ముందర నిలబడి, బేరానికి అన్నానప్పా అని నలుగురిలో చెప్పు. ఇంకేం వద్దు. ఈ అద్దె ఇంక రెండు నెలలకు మించి కట్టలేం.”

చెబుతానన్నాను. చెప్పాలనే మర్నాడు బయలుదేరాను, నమ్మండి. దారి పొడవునా ఆ మాటను వల్లె వేశాను. అంగడి ముందు నలుగురు కాదు, ఏడుగురున్నారు. వాళ్ళలో వంకాయల బుట్టామె కూడా ఉంది, ఇంతలేసి కళ్ళతో నన్నే చూస్తోంది. నోరు తెరిచాను. బయటికి వచ్చిన మాట ఇది: “ఏం సాయిబూ, ఈ రోజన్నా సరైన ధర చెప్తాండావా?” అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. పరదా మాత్రం కదల్లేదు.

అలవాటు అందామా? అలా అని చాలా ఏళ్ళు నన్ను నేను ఓదార్చుకున్నాను. కాదు. బుట్టామెను చూశాను, లెక్క వేసుకున్నాను, ఆ తర్వాతే నోరు తెరిచాను.

రెండు నెలలన్నది రెండు నెలలే అయింది. కడపలో బీబమ్మ తమ్ముడి దగ్గరికి పోతున్నామని అంగడి సామాను అమ్మకానికి పెట్టారు. మందుల బీరువాకు ఆయన ఒక ధర చెప్పాడు. నేను అంతే ఇచ్చాను. పుట్టి బుద్ధెరిగాక బేరమాడకుండా కొన్న వస్తువు అదొక్కటే. ఆయన డబ్బు చేతిలో పెట్టుకొని నా మొహం వైపు పరీక్షగా చూశాడు.

“ఏమ్మా, ఒంట్లో బాగుండాదా? చెప్పిన ధరకే ఒప్పుకుంటాండావు.”

అని నాలుక చూపించమన్నాడు. చూపించాను. నోరు తెరిచే ఉంది, నాలుక బయటే ఉంది, చెప్పాల్సిన మాట దాని మీదే ఉంది. ఆయనకు అది కనపడలేదు. ఎండకు తిరగొద్దని చెప్పి పంపాడు.

ఆ తర్వాత అంగడి ఎందుకు మూశాడని ఎవరడిగినా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. అద్దెలమ్మా. తయారు మాత్రలమ్మా. కాలం మారిపాయె. అన్నీ నిజాలే. నిజాల చాటున దాక్కుంటే ఎవరూ వెతకరు. రాజధాని హైదరాబాదుకు పోయాక అద్దెలు దిగాయి, ఆ ఒంటి తలుపు గది ఖాళీ పడింది. సాయిబు తిరిగి రాలేదు. ఒకసారి పెళ్ళికని కడప పోయినప్పుడు ఆయన ఉండే వీధి కనుక్కున్నాను. జట్కావాడితో బేరం తెగలేదని వెనక్కి వచ్చేశాను. వాడు తగ్గుతూనే వచ్చాడు. తెగనివ్వనిది నేనే.

ఇక లక్ష్మక్క. బీబమ్మ వెనక గది మూతపడిన ఏడాదే ఆమెకు ఆడవాళ్ళ బాధ మొదలైంది. రక్తం పోతూనే ఉండేదట. ఆసుపత్రికి పొమ్మని నేనూ చెప్పాను. వరసలో నిలబడి నలుగురు మగోళ్ళ ముందర చీటీలో ఏమని రాయించేదే, నీ మొగుని పేరా అని నన్నే ఎగతాళి చేసింది. ఆరు నెలలు దాచుకుంది. ఒకనాడు మగ్గం గుంటలోనే పడిపోయింది. ఆసుపత్రిలో వాళ్ళు బతికించారు. ఇప్పటికీ నా అరుగు మీద కూర్చొని నా బేరాల గురించి వేళాకోళం చేస్తుంది. మగ్గం గుంటలోకి మాత్రం ఇంకెన్నడూ దిగలేదు. ఆమెకు కూడా ఈ సంగతి చెప్పలేదు. ఇది చదివి వినిపించాలి. ఏమంటుందో తెలియదు. ఏమన్నా నాకు తగినదే.

చూశారా, రాస్తుంటేనే ఒళ్ళు తేలికైంది. ఇంత తేలికవడం న్యాయం కాదేమో కూడా. సరే, లెక్క చెప్పేస్తాను. అద్దెల వంతు, తయారు మాత్రల వంతు తీసేస్తున్నాను. అవి నావి కావు, మరీ గొప్పకు పోయి నా మీద వేసుకోను. నాకు దక్కింది రెండణాలు, ఒక బీరువా. పేటకు పోయింది నాలుక చూసే మనిషి, మందు అక్కర్లేదని చెప్పగలిగిన మనిషి, ఆడవాళ్ళు తలెత్తుకొని పోగలిగిన వెనక వాకిలి. లక్ష్మక్కకు పోయింది మగ్గం. సాయిబుకు పోయింది మంచి పేరు. ఆ తర్వాత మా వీధిలో ఇంకెంతమంది ఆడవాళ్ళు బాధ దాచుకున్నారో నాకు తెలియదు. ఆ అంకె దగ్గర ఖాళీ వదిలాను, నా పేరు కిందే.