సదరు పట్టిక

నా రిటైర్మెంటుకి రెండేళ్ల ముందు, ఒక జులై నెలలో, విజయవాడలో కాలువల సబ్‌డివిజన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా ఉండగా, మా అధికారి డీఈ గారు నాకొక పని అప్పగించారు. ఆ ఏడు నీళ్లు తక్కువ. పన్నెండు పిల్ల కాలువలకి వంతులవారీగా వదలాలి. నేను అప్పటికి ఆర్నెల్లుగా పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకుంటున్నాను. వంతుల పట్టికకి ప్రోగ్రాం మీరే రాయండి అన్నారాయన. అరవై ఏళ్ల వయసులో ఆ ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో, సరేనన్నాను.

కాలువ పేరు కింద తల, నడుమ, చివరి తూములు. ఒక్కో తూము కింద అది తెరిచే రోజులు. పట్టికలో పట్టిక అన్నమాట. ఒక ఖాళీ నమూనా చేసి, పన్నెండు కాలువలకీ అదే ఇచ్చి, వరసగా రోజులు నింపాను. పామర్రు వైపు శివారు కాలువ ఆఖరిది. నా బెంగంతా దాని మీదే. పట్టిక పూర్తయిన రోజు పొద్దున్నే అక్కడి రైతు కోటేశ్వరరావు గారు ఆఫీసుకొచ్చి, రెండ్రోజుల్లో నీళ్లు రాకపోతే నారుమడి పోతుందన్నారు. మీ వంతు రేపేనని చెప్పి పంపాను. ఆ ఒక్క కాలువ సరిచూసుకుని, కాగితాలు లస్కర్లందరికీ వాట్సాప్‌లో పెట్టేశాను. షట్టర్లు ఎత్తేది, దించేది వాళ్లే.

మధ్యాహ్నం ఎగువ లస్కరు ఫోన్ చేశాడు.

"మేడమ్ గారూ, కాలవలన్నిటికీ రేపే అని ఉందేంటండీ? అందరం ఒకేసారి ఎత్తితే శివారుకి ఏం పోద్దండీ?"

పట్టిక తెరిచి చూశాను. పన్నెండు కాలువలకీ ఆఖరి కాలువ రోజులే పడ్డాయి. మొదటిదాంట్లో ఒక రోజు మార్చి చూశాను. అన్నిట్లోనూ మారింది.

పట్టికకి ఇంకో పేరు పెడితే కంప్యూటరు నకలు తీయదు. రెండు పేర్లూ ఒకే పట్టికని చూపిస్తాయి. దాన్ని రిఫరెన్స్ అంటారు. ముప్పై ఏళ్లుగా ఫైళ్లలో "సదరు గ్రామం, సదరు రైతు" అని రాసినదాన్ని, ఇక్కడా పన్నెండుసార్లు "సదరు పట్టిక" అనే రాశాను. రాసి, పన్నెండు నకళ్లు తీశాననుకున్నాను.

నకలు తీసే ఆదేశం పెట్టాను. అయినా తప్పే వచ్చింది. ఆ ఆదేశం పై అట్ట మాత్రమే కొత్తది వేసింది, లోపలి తూముల కాగితాలు పాతవే. గడియారం చూస్తే నాలుగు. ఏడుపొచ్చింది. లోపలి పట్టికలు కూడా విడిగా నకలు తీసే ఆదేశం దొరికేసరికి అయిదు దాటింది. పదకొండు మంది లస్కర్లకి ఫోన్లో చెప్పగలిగాం. మిగిలిన ఒక్కడు ఇంకో ఎగువ కాలువ లస్కరు, అతని ఫోన్ ఆపేసి ఉంది. అతను మర్నాడు పాత కాగితం ప్రకారమే షట్టరెత్తాడు. డీఈ గారు మనిషిని పంపి దింపించేసరికి, శివారుకి నీళ్లు చేరడం రెండ్రోజులు ఆలస్యమైంది.

కోటేశ్వరరావు గారి నారు సగం పోయింది. నేనే పామర్రు వెళ్లి, తప్పు నాదని చెప్పాను.

"మీరు చెప్పబట్టి తెలిసిందండీ," అన్నారాయన. "మేం ఎగువోళ్లని తిట్టుకుంటన్నాం."

ఆ తర్వాత ఏ పట్టిక చేసినా, ఒక గడి మార్చి మిగతావి మారలేదని చూశాకే బయటికి పంపాను. నేను సరిచూసింది ఆఖరి కాలువని. అన్నిట్లోకీ తప్పు కనపడనిది అదొక్కటే.