ర్యాలీ ఆ వీధిలోకి మళ్లిన రోజు

హెచ్‌ఐవి పక్కన కూర్చుంటే రాదని, ఒకే పళ్లెంలో తిన్నా రాదని నాకు తెలుసు. జీవశాస్త్రం చెప్పేవాణ్ణి, తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసీ ఆ మాట తరగతిలో చెప్పలేదు. సత్యవేడు దగ్గర ఒక హైస్కూల్లో పనిచేసిన రోజుల సంగతి ఇది. తల్లి జబ్బు వల్లే నా తరగతిలో ఒక అమ్మాయి బడి మానేసిందని తర్వాత అందరూ అన్నారు. నేనూ తలూపాను. అది నిజం కాదు.

పదో తరగతిలో హెచ్‌ఐవి పాఠం వచ్చినప్పుడల్లా మా బడిలో ఒక అలవాటు ఉండేది. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి కూర్చున్న చోట ఆ మాటలు పలకలేక, "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసేవాళ్లం. ఆ ఏడూ అలాగే తిప్పాను. వెనక బెంచీలో ఒకడు లేచాడు.

"సార్, ఎయిడ్స్ ఉండేవాళ్లు తాకితే అంటుకుంటాదా?"

పక్కవాడు వాడి చొక్కా లాగాడు. "నీకెందుకురా అయ్యన్నీ? యాడికన్నా పోయొచ్చినావా ఏంది?"

తరగతంతా నవ్వింది. "కూర్చో" అన్నాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. జవాబు కోసం నా ముఖం వైపే చూస్తోంది.

ఎందుకు చూస్తోందో నాకు తెలుసు. అంతకు ముందు ఆమె తల్లి స్టాఫ్ రూమ్ బయట నన్ను ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"నెలకోసారి తిరపతి పెద్దాసుపత్రికి మాత్రలకు పోతాను సార్, బిడ్డను తోడు పంపీండి. ఆయన పోతా పోతా నాకు అంటించి పోయినాడు. బిడ్డకు లేదు, సూపించినాము. ఎవురికీ సెప్పొద్దు సార్."

చెప్పనన్నాను. చెప్పలేదు కూడా.

డిసెంబరు ఒకటో తేదీ ఎయిడ్స్ దినమని, ఆ రోజు అవగాహన ర్యాలీ తీయమని ఆదేశం వచ్చింది. పాఠం చెప్పని నేనే అట్టల మీద నినాదాలు రాయించాను. బొమ్మలు బాగా వేసే ఒకడు తన అట్ట మీద పుర్రె వేశాడు. బాగుందిరా అన్నాను.

మాత్రల కోసం ఆసుపత్రి వరసలో నిలబడ్డ తల్లీకూతుళ్లను ఊరివాళ్లెవరో అప్పటికే చూశారట. ఆ సంగతి పిల్లలకు తెలుసు, నాకు తెలియదు. ముందు నడుస్తున్నవాళ్లు పెద్దరోడ్డు వదిలి ఆ అమ్మాయి వాళ్ల వీధిలోకి మళ్లారు. వాళ్ల ఇంటి ముందు నడక ఆగింది. గొంతులు పెరిగాయి.

"ఎయిడ్స్‌ను తరిమికొడదాం! తరిమికొడదాం!"

లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆ అమ్మాయి మా మధ్యే, చేతిలో అట్టతో నిలబడి ఉంది. ఈల ఊది అందరినీ ముందుకు నడిపించాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

మరునాడు మధ్యాహ్న భోజనానికి ఆమె కూర్చోగానే వరస కదిలింది. ఎవరూ తిట్టలేదు. పళ్లేలు నేల మీద గీసుకుంటూ దూరం జరిగాయి.

"ఈడ సోటు లేదు మే, అట్ల పో."

"నీ పక్కన తినొద్దనింది మా యమ్మ."

వరండాలో నిలబడి అంతా చూశాను. వెళ్లి ఆమె పక్కన కూర్చుని రెండు ముద్దలు తింటే చాలు, ఏ పాఠమూ అక్కర్లేదు. కానీ పిల్లల తల్లిదండ్రులు బడి మీదికి వస్తారని భయపడ్డాను. కల్పించుకుంటే రహస్యం నేనే బయటపెట్టినట్టవుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అప్పటికి రహస్యమేదీ మిగల్లేదు.

పరీక్షలకు ముందే ఆమె రావడం మానేసింది. గూడూరులో మేనత్త ఇంటికి పంపేశారన్నారు.

పోయిన ఏడాది శ్రీకాళహస్తి బస్టాండులో ఆ తల్లి కనిపించింది. మాత్రలు మానకుండా వేసుకుంటోందట, ఆరోగ్యంగా ఉంది. నేను క్షమాపణ మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపింది.

"నాకెందుకు సార్? నర్సు సదవల్లని ఆశ పడింది అది. దానికే సెప్పండి."

ఆ మాట మీద గూడూరు వెళ్లాను. అక్కడ నిమ్మకాయల మండీలో కాయలు ఏరుతోంది ఆ అమ్మాయి. నన్ను గుర్తుపట్టగానే చుట్టూ చూసి దగ్గరికొచ్చింది.

"ఈడ ఎవురికీ తెలీదు సార్. మెల్లిగా మాట్లాడండి."

గోనెసంచుల వెనక్కి నడిచాం. గొంతు తగ్గించాను.

"తాకితే అంటుకుంటాదా అని తరగతిలో ఆ పిల్లోడు అడిగిన రోజే, అంటుకోదని నాకు తెలుసమ్మా. సిగ్గుపడి చెప్పలేదు. అన్నం దగ్గర నిన్ను దూరం పెట్టిన రోజు భయపడి చెప్పలేదు. నీ చదువు పోయింది మీ అమ్మ వల్ల కాదు, నా వల్ల. తప్పయిపోయింది, నన్ను క్షమించు తల్లీ."