నీళ్లు నిలిచిన గుంత

గుడియాత్తం శివార్లలో మా అబ్బాయి స్థలం కొన్నప్పుడు, ముగ్గు పోయకముందే వాస్తు చూసే అయ్యవారు మూరెడు లోతు గుంత తవ్వించాడు. తవ్విన మన్నే తిరిగి పోస్తే గుంత నిండి ఇంకా గంపెడు మిగిలింది.

"మన్ను మిగిల్తే ఇంట్లో సిరి మిగుల్తాది సామీ" అన్నాడు.

మళ్లీ ఆ గుంత తోడించి నిండా నీళ్లు పోయించాడు. మేమంతా గట్టుదాకా నడిచి తిరిగొచ్చేసరికి నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. అయ్యవారు చేతులెత్తి మొక్కాడు. కోడలి మొహం వెలిగిపోయింది.

నాకు మాత్రం ఒళ్లు మండింది. నా పుట్టిల్లు తిరువలం దగ్గర, ఏటి పక్కన. అంతా ఇసుక. కడవ నీళ్లు కుమ్మరిస్తే ఖాళీ కడవ కింద పెట్టేలోపు నేల తాగేసేది. బియ్యం కడిగిన నీళ్లు కూడా దాచి చెట్లకు పోసేవాళ్లం. ఈ నల్లమన్ను చూస్తే చుక్క మింగేలా లేదు.

"ఏందిరా ఇది, నేలా ఇత్తడి బిందా? రేపు స్నానం నీళ్లు యాడికి పోతాయిరా?"

"మా, నువ్వు గమ్మునుండు. నిలిచింది లక్ష్మి" అన్నాడు మావాడు.

మనవరాలిని వేలూరులో ఇచ్చాం. ఆ వియ్యాలవారి ఇల్లు పాలారు ఇసుకలో ఉంది. సెప్టిక్ ట్యాంకు పక్కనే, అడుగున గచ్చు వేయకుండా సిమెంటు ఒరలు దించి ఇంకుడు గుంత చేశారు. ట్యాంకులో మిగులు నీళ్లు అందులోకి దిగి ఇంకిపోతాయి. మావాడు ఆ మేస్త్రీనే పిలిచి, అవే కొలతలతో ఇక్కడా కట్టించాడు. ఎంత చెప్పినా వినలేదు.

మొదటి ఎండాకాలంలో నేల నెర్రెలు విచ్చి ప్రహరీ గోడ చీలింది. పూత పూశారు, మళ్లీ చీలింది. వానలకు నా మల్లెచెట్టు వేరు కుళ్లి చచ్చింది. కరివేపాకూ అంతే. పునాది నింపడానికి తెచ్చిన ఎర్రమన్ను కొంత పెరట్లో కుప్పగా మిగిలింది. దాని మీద నాటిన వంకాయ మొక్కలు మాత్రం బతికాయి. చూడటానికి బాగాలేదు, ఆ కుప్ప ఎత్తించేద్దామని కోడలు అనేది. కొన్న మన్ను పారేస్తారా ఎవరైనా? నేను ఒప్పుకోలేదు.

మనవరాలికి సీమంతం పెట్టుకున్నాం. గాజులు తొడిగాక తొలికాన్పుకు ఇక్కడే ఉంచుకోవాలని ఆశ. ముందటి వారమంతా వాన. సీమంతం రోజు ఇంటినిండా జనం ఉన్నప్పుడు ఇంకుడు గుంత నిండి, ట్యాంకు నిండి, పాయిఖానాలో మురుగు పైకి తన్నింది. మనవరాలి అత్తగారు పట్టుచీర ఎత్తిపట్టుకుని బయటికొచ్చింది.

"పెద్దమ్మా, గాజులేసినారు, సంతోషం. ఈ కంపులో బిడ్డను యాడ పెట్టుకుంటారు? నేను వేలూరికే తోడుకొని పోతా."

"అవ్వా, నేను ఈడే ఉంటా" అని మోచేతిదాకా గాజులున్న చేత్తో మనవరాలు నా కొంగు పట్టుకుంది.

వాళ్లత్త అన్నది నిజమే.

"బాగు చేసినాక చెప్పండి. నేనే తెచ్చి దిగబెడతా" అని తీసుకెళ్లిపోయింది.

మావాడు ఏం చేశాడు? మళ్లీ ఆ అయ్యవారినే పిలిచాడు! ఆయన వచ్చి, ఇంకుడు గుంత వాయవ్యంలో సరిగ్గా పడలేదు, కొంచెం జరపాలి అన్నాడు.

"జరిపితే ఆడ వేరే మన్నుండాదా సామీ? నీళ్లు నిలిచినాయని మొక్కింది నువ్వే కదా?"

"అది వేరే శాస్త్రం పెద్దమ్మా."

"పాయిఖానా నీళ్లకు శాస్త్రం తెలీదు సామీ. పోయిరా."

కోడలు నా వైపు తిరిగింది. "మరి ఏం చేద్దాం అత్తా?"

"ఈ నేల తాగదు. తాగే మన్ను ఆ కుప్పొకటే" అన్నాను.

స్నానాల నీళ్లూ వంటింటి నీళ్లూ ట్యాంకులోకి పోకుండా వేరే పైపు వేయించాం. ఇల్లు ఎత్తుమీద ఉంది కాబట్టి పైపు పెరట్లోకి వాలుగా దిగింది. ఆ కుప్పకే ఇంకా ఎర్రమన్ను, ఇసుక చేర్చి పెద్ద మడి కట్టి అరటి పిలకలు నాటాను. పనికిరాని ఇంకుడు గుంతను మూసేశాం. ట్యాంకులోకి పాయిఖానా నీళ్లొకటే. అది నిండినప్పుడు తోడే లారీ రావాల్సిందే. దండగ ఖర్చు! నిలిచిన లక్ష్మిని లారీలో ఎత్తి పంపడమే ఇక.

మళ్లీ గట్టి వాన పడిన మర్నాడు, చెప్పాపెట్టకుండా మనవరాలి అత్తగారు కారులో వచ్చింది. "నువ్వు దిగొద్దు" అని మనవరాలిని కారులోనే కూర్చోబెట్టి నేరుగా స్నానాల గదిలోకి పోయింది. బకెట్ నిండా పట్టి గచ్చు మీద కుమ్మరించి నిలబడింది. గుమ్మంలో మేం ముగ్గురం. ఆనాడు గుంత చుట్టూ నిలబడ్డట్టే నిలబడ్డాం. ఆనాడు నీళ్లు కదలకూడదని చూసిన కోడలు ఇప్పుడు కదలాలని కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. నీళ్లు గుడగుడమంటూ పోయాయి. ఆమె ఇంకో బకెట్ పాయిఖానాలో పోసింది. అవీ పోయాయి. పెరట్లోకి వెళ్లి అరటి మొదట్లో కాలితో నొక్కి చూసింది. తిరిగొచ్చి కారువైపు కేకేసింది.

"ఇంక దిగు తల్లీ, పెట్టె దించుకుందాం. పెద్దమ్మా, కాపీ పెట్టండి."

మొదటి బకెట్ ఎలాగూ అరటికి చేరింది. రెండోది ట్యాంకులో పడి దండగే. ఆ ఒక్క రోజుకు నేనేమీ అనలేదు.