చెద్దరు వెనుక మోగిన పాట

నా చిన్నప్పుడు హన్మకొండలో మా మేనత్త మైకుసెట్టు దుకాణం నడిపేది. ఆడమనిషి మైకుసెట్టు నడపడమేమిటని ఇప్పటికీ నోరు తెరిచేవాళ్లున్నారు. తెరవనీ. స్తంభమెక్కి బాకా కట్టడం ఒక్కటే కూలిమనిషికి అప్పజెప్పేది. వైర్లు కలపడం, చప్పుడు సరిచెయ్యడం, అప్పగింతలప్పుడు ఏ పాట, భోజనాలప్పుడు ఏ పాట అని చూసుకోవడం అంతా ఆమెదే. అంతకుముందు ఆ పని మా మామది. ఒక పెళ్లిలో బాకా కడుతూ కిందపడి నడుము విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి దుకాణం వెనక గదిలో మంచానికే అతుక్కుపోయాడు. నాకప్పుడు పదకొండేళ్లు. ఎండాకాలం సెలవులు రాగానే అక్కడ వాలిపోయేదాన్ని.

ఆ రోజుల్లో మైకుసెట్టువాళ్లందరి దగ్గరా రికార్డు ప్లేయరే ఉండేది. మూత వేస్తే సూట్‌కేసు, తీస్తే ప్లేయరు. దానికి తోడు రికార్డుల ట్రంకుపెట్టె. రెండూ కలిస్తే ఇద్దరు మగవాళ్ల మోత. బరాత్ ఊరేగింపులో అయితే మరీ తంటా. బండి గుంతలో పడ్డప్పుడల్లా ముల్లు ఎగిరి పాట ఎక్కడినుంచి ఎక్కడికో దూకేది. అందుకని ముల్లు తల మీద ఒక చారాణ బిళ్ల పెట్టేవాళ్లు. ఆ బరువుకు ముల్లు ఎగరడం తగ్గేది గానీ, రికార్డు మీద గీతలు పడేవి. మామ దగ్గరున్న రికార్డుల్లో సగం అట్లా చారాణ మోసి మోసి అరిగిపోయినవే.

అత్త ఒక్కతే అంత బరువు ఎక్కడ మోస్తుంది? చేతి గాజులు రెండు ఇచ్చేసి క్యాసెట్లు వేసే టేప్ రికార్డరు తెచ్చుకుంది. ఒక్క చేత్తో పట్టుకుని రిక్షా ఎక్కొచ్చు, కరెంటు పోతే బ్యాటరీల మీద నడుస్తుంది, గుంతలొచ్చినా దాని పాట ఆగదు. మామకున్న పాటలన్నీ కూర్చుని ఒక్కొక్కటే క్యాసెట్లలోకి ఎక్కించింది. కానీ బజారంతా ఒకటే మాట, రికార్డుకున్న గొంతు టేపుకు రాదని. అందరికంటే గట్టిగా అనేది మామ వాళ్ల అన్న, నేను పెద్దమామ అని పిలిచే మనిషి. ఈ సీజన్ల పెద్ద పెండ్లి దొరక్కపోతే సెట్టు బండికెత్తి మా ఊరికి తీస్కపోత, మీరూ వచ్చి ఆడ్నే పడుండుండ్రి అని తేల్చిచెప్పాడు. ఆయనకు కావలసింది మా బాగు కాదు, ఆ సెట్టు. ఇంత వయసొచ్చాక కూడా ఆ మాట నేను మెత్తగా చెప్పను.

ఒకరోజు ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసే ఒక సేటును పెద్దమామే వెంటబెట్టుకొచ్చాడు. సేటు బిడ్డ పెళ్లి. ఆ ఎండాకాలంలో అంత పెద్ద పెళ్లి ఇంకొకటి లేదు. సేటు నోటితోనే వద్దనిపించాలని పెద్దమామ ఆలోచన. ఈ పెళ్లి దొరికితే దుకాణం నిలుస్తుంది, పోతే మామ మంచంతో సహా ఊరికి పోవాలి. ఆ సంగతి బల్ల మీద కూర్చున్న నాకు కూడా తెలుసు.

సేటు టేపును చూడగానే మొహం చిట్లించాడు. "నా బిడ్డ పెండ్లికి గీ డబ్బా పాటలా? రికార్డైతే చెప్పు, లేకుంటే ఇంకొకలను చూసుకుంట," అన్నాడు.

మా అత్తకు కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "సరే సేటూ. చూడకుంట జర వినుండ్రి. ఏది రికార్డో ఏది టేపో మీ నోటితోనే చెప్పుండ్రి," అంది.

వెనక గది గుమ్మానికి మామ కప్పుకునే చెద్దరు అడ్డంగా కట్టింది. లోపల ప్లేయరు, టేపు, వాటి మధ్య అత్త. బయట ఒకటే బాకా, దాని ఎదురుగా సేటూ, పెద్దమామా, నేనూ. ఒక పెళ్లిపాట సగం దాకా వినిపించి ఆపింది. కాసేపాగి మళ్లీ అదే పాట మొదటినుంచి వినిపించింది. రెండోసారి పాట వెనక ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు. ఆ చిటపట వినగానే సేటు తొడ చరిచాడు. "గిదీ రికార్డంటే! మొదలు పెట్టింది టేపు, పాణం లేదు దాంట్ల," అన్నాడు. పెద్దమామ అవునవునని తల ఊపాడు. సేటు ఇంకేం చెప్పినా అట్లాగే ఊపేవాడు.

నాకు మాత్రం మొదటిదే రికార్డని తెలిసిపోయింది. అందులో పాట ఎత్తుకునే ముందు పాడే ఆమె ఊపిరి తీసుకున్నది కూడా వినబడింది. గజ్జెలు ఒక్కొక్కటి విడిగా మోగాయి. రెండోదాంట్లో ఊపిరి లేదు, గజ్జెలన్నీ మూటగట్టినట్టున్నాయి, అడుగున సన్నగా సుయ్‌మని ఏదో ఉంది. కానీ చెప్పేదెట్లా? సేటుది తప్పంటే పెళ్లి పోతుంది. రికార్డే బాగుందంటే గాజులిచ్చి తెచ్చుకున్న టేపును అత్త ముందే కాదన్నట్టవుతుంది. ఎటు చూసినా నోరు మూసుకోవడమే మేలనిపించింది. సరిగ్గా అప్పుడే చెద్దరు వెనకనుంచి అత్త, "నీకేమనిపిచ్చింది బిడ్డా?" అని అడిగింది.

"మొదటిదే రికార్డు. అదే మంచిగుంది," అన్నాను.

పెద్దమామ చుప్ అని కసిరాడు. సేటు పకపకా నవ్వి, పోరికేం తెలుసన్నాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండిపోయింది. భయం ఎటుపోయిందో పోయింది. లేచి నిలబడి, "నాకు చెవులున్నయి!" అన్నాను.

అత్త చెద్దరు లాగేసింది. టేపు ఇంకా తిరుగుతోంది. పక్కన ప్లేయరు మీద రికార్డు ఆగి ఉంది. అది కొత్త రికార్డు, ముల్లు మీద చారాణ లేదు. టేపులోకి ఎక్కించింది మాత్రం అదే పాట పాత రికార్డు, గీతలు పడ్డది. ఆ గీతల చిటపటే సేటుకు రికార్డు గొంతులాగా వినబడింది. మోసం చేసిందంటారా? అనుకోండి. కానీ తర్వాత ఆమె ఏమందో కూడా వినండి.

"మా పిల్ల చెప్పిందే నిజం సేటూ. రికార్డే మంచిగ పాడుతది. టేపు దానికి సాటి రాదు, నేను అబద్ధమాడ. పందిట్ల కదలకుంట కూసుంటది కాబట్టి ఆడ రికార్డే పెడ్త. బరాత్ సుబేదారి దాంక గుంతల పోవాలె, ఆడ మాత్రం టేపే. కాదని రికార్డే కావాల్నంటే చారాణ పెట్టేటోళ్లు మస్తుమందున్నరు, పోయి తెచ్చుకోండ్రి."

సేటు మొహం కందగడ్డయింది. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. పెద్దమామ నన్నూ అత్తనూ కలిపి నానా మాటలన్నాడు, నా నోటివల్లే అంతా పోయిందన్నాడు. రేపొచ్చి సెట్టు ఎత్తుతానని చెప్పి మరీ పోయాడు. నేను బల్ల కింద దూరి వెక్కివెక్కి ఏడ్చాను. అప్పుడు మంచం మీదినుంచి మామ నవ్వడం మొదలుపెట్టాడు. నడుము నొప్పికి అబ్బా అంటూనే నవ్వుతున్నాడు. పడ్డనాటి నుంచి మామ నవ్వగా వినడం నాకదే మొదలు.

అత్త నన్ను బయటికి లాగి కొంగుతో ముక్కు తుడిచింది. "ఎందుకేడుస్తానవ్? పెండ్లి పోతే పోనీ. నాకు నచ్చేది చెప్పలే నువ్వు, ఆయనకు నచ్చేది చెప్పలే. విన్నదే చెప్పినవ్. గిట్లనే ఉండు," అంది. అంటూనే దుకాణం తలుపు గడియ పెట్టి, పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూసింది. ఆమెకూ భయమేసిందని అప్పుడు తెలిసింది. భయం లేనిదాన్నని ఆమె ఎన్నడూ చెప్పుకోలేదు కూడా.

మర్నాడు పొద్దున పెద్దమామ బండి తోలుకుని వచ్చేసరికి సేటు గుమస్తా దుకాణంలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. జరిగిందంతా సేటు నోటినుంచే ఆయన భార్య విన్నదట. ఉన్నదున్నట్టు చెప్పే ఆమెనే పిలువుమందట, రెండు మిషన్లూ తెమ్మందట. పెద్దమామ ఖాళీ బండితో తిరిగిపోయాడు. నేను గుమ్మంలో నిలబడి ఆ బండి మలుపు తిరిగేదాకా చూశాను. చూడొద్దా మరి?

పెళ్లిరోజు పందిట్లో రికార్డు మోగుతుంటే సేటు మా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఎవరూ వినకుండా నా వైపు వంగి, "గిదేంది బిడ్డా?" అని అడిగాడు. రికార్డన్నాను. తల ఊపి వెళ్లాడు. ఆ ఒక్కటీ చూసి ఆయన మీదున్న కోపం తగ్గించుకున్నాను.

అత్త పోయి చాలా ఏళ్లయింది. రికార్డులు పోయాయి, క్యాసెట్లూ పోయాయి. ఇప్పుడు మా అల్లుడు నా చెవిలో పాటలు వినే శనగగింజంత మిషన్ పెట్టి, ఎంత పెద్ద కంపెనీదో, ఎంత ఖరీదో చెప్పి, ఎట్లుందత్తమ్మా అని అడుగుతాడు. నేను కళ్లు మూసుకుంటాను. ఊపిరి వినబడుతుందా, గజ్జెలు విడివిడిగా మోగుతున్నాయా అని చూస్తాను. లేకపోతే లేదనే చెప్తాను. ఒక్క పాటల సంగతే కాదు. పెళ్లిసంబంధం మాట్లాడేచోటైనా, నలుగురు పెద్దలు కూర్చుని అవునవునని తలలూపే చోటైనా, నన్నడిగితే నాకు తోచిందే చెప్తాను. మీకేం తెలుసని మొహమ్మీదే నవ్వినవాళ్లున్నారు. వాళ్లకు నా జవాబు పదకొండేళ్లప్పుడే దొరికింది. నాకు చెవులున్నయి.