స్నానాల గది కంట్రాక్టరు గోవిందస్వామి

గోవిందస్వామిని నేను మొదటిసారి చూసిన రోజున అతని చొక్కా జేబులో మూడు పెన్సిళ్ళు, ఒక రసమట్టం ఉన్నాయి. చేతిలో తాపీ లేదు. గోడ కట్టేవాడి చేతిలో తాపీ లేకపోతే వాడు గోడ కట్టేవాడు కాడని నాకు ఆ క్షణమే తెలిసింది. అయినా ఆ రోజు నా మాట నెగ్గలేదు. నా డెబ్బై రెండేళ్ళ జీవితంలో నా మాట నెగ్గని సందర్భాలు మూడో నాలుగో ఉంటాయి. అందులో ఇది ఒకటి.

ఇది వ్యయ నామ సంవత్సరం, అంటే పంతొమ్మిది వందల నలభై ఆరు నాటి సంగతి. అప్పటికి నాకు యాభై ఎనిమిది. పాకాల పక్కన మా ఊళ్ళో నలభై రెండు అడుగుల మెట్లబావి తవ్వించింది నేను. ఎంత ఎండాకాలమైనా అందులో చెంబు మునగని రోజు రాలేదు. బడికి పన్నెండు రాతి స్తంభాల మీద కప్పు వేయించింది నేను. చెరువు తూము దగ్గర రెండూళ్ళవాళ్ళు కర్రలు పట్టుకొని నిలబడితే, మధ్యలో నిలబడి తగవు తీర్చింది నేను. నా చదువు వీధిబడిలో ఇసుకలో దిద్దుకున్నదే. కానీ నేలను చూసి నీళ్ళు ఎటు పోతాయో చెప్పడానికి అంతకు మించిన చదువు అక్కరలేదు.

మా ఇల్లు తాతగారు కట్టినది. ఇంట్లో అన్నీ ఉన్నాయి గాని స్నానాల గది లేదు. పెరట్లో జాలారి ఉండేది. జాలారి అంటే స్నానానికి పరిచిన ఒక బండ, చుట్టూ మూడు తడికలు, పైన ఆకాశం. మగవాళ్ళకు అది చాలు. ఆడవాళ్ళకు చాలదని నాకు ఇరవై రెండో ఏట తెలిసింది. నా చెల్లెలు కుప్పమ్మ తొలికాన్పుకు వచ్చి, పదకొండో నాడు ఆ తడికల చాటున పురుటి స్నానం చేసింది. వానగాలి కొట్టింది. ఆ సాయంత్రమే చలి, మరునాటికి జన్ని కమ్మింది. వారం తిరక్కుండానే పోయింది.

అందుకే నా కూతురు పంకజాక్షి తొలిచూలుతో పుట్టింటికి వస్తుందని తెలిసిన రోజున, నా భార్య భారతమ్మ ఒకే మాట చెప్పింది. "నా బిడ్డ ఆ తడికల చాటున నీళ్ళు పోసుకోదు. గోడలు, కప్పు ఉండే గది కావాల. కార్తీకానికి కావాల."

కాన్పు కార్తీక మాసంలో అని లెక్క. మా ప్రాంతంలో వానలు కొట్టే నెల అదే. మాకు మిగిలింది నెలన్నర.

నేను ఐరాల నుంచి మునిరామయ్యను పిలిపించాను. మా పక్క సున్నపు గచ్చు పనిలో ఆయన చెయ్యి తిరిగినవాడు. సున్నం నానబెట్టి, గానుగలో రుబ్బించి, కరక్కాయ నీళ్ళు కలిపి, రోజుల తరబడి కొట్టించి వేసే గచ్చు అది. ఆయన పెరడంతా తిరిగి చూసి తల అడ్డంగా ఊపాడు.

"రెండు నెలలు కావాల నాయుడా. గచ్చు దానికదే ఆరాల. తొందర పెడితే అది వినదు."

అదే సందు దొరికింది నా బావమరిది దామోదరానికి. దామోదరం పాకాల రైల్వే స్టేషన్లో గూడ్సు గుమాస్తా. బండ్లు వస్తూ పోతూ ఉంటే చూస్తూ కూర్చునే ఉద్యోగం. ఆ కూర్చోవడంలో తనకు ప్రపంచమంతా తెలిసిందని అతని నమ్మకం.

"ఇది సిమెంటు కాలం బావా," అన్నాడు. "ఇంకా కరక్కాయలు నానబెట్టుకుంటా కూర్చుంటే ఎట్ట? నా దగ్గర ఒక మనిషుండాడు. కంట్రాక్టరు."

ఆ మనిషే గోవిందస్వామి. మరునాడే వచ్చాడు. కాకీ నిక్కరు, నెత్తిన ఒక టోపీ. నా ఇంట్లోకి టోపీతో వచ్చి, టోపీతోనే కూర్చున్నాడు.

"పదైదు దినాలు నాయుడన్నా," అన్నాడు. "గోడలు, కప్పు, నేల అన్నీ కలిపి. అరక్కోణంలో విమానం దిగే నేలనే మేము మూడు దినాల్లో పోసినాము."

"నువ్వు పోసినావా?"

"పోసే చోట నేను ఉండాను."

ఆ మాటకు నేను లేచి లోపలికి వెళ్ళిపోవాల్సింది. కానీ భారతమ్మ వాకిలి చాటున నిలబడి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటోంది. పదిహేను రోజులు అన్న మాట ఆమె చెవిన పడింది. ఆ ముఖం చూశాక నేను సరేనన్నాను.

ఈ గోవిందస్వామి చరిత్ర తర్వాత విచారించి తెలుసుకున్నాను. ఐరాల దగ్గర పల్లె. తండ్రి చిన్నబ్బ సున్నం కాల్చేవాడు. నిజాయితీగల మనిషి. ఆయన బట్టీలో కాలిన సున్నంతోనే మా ఇల్లు లేచింది. కొడుక్కి మాత్రం ఆ బట్టీ వాసన పడలేదట. యుద్ధం వచ్చాక అరక్కోణం పోయి, విమానాల మైదానం దగ్గర రెండేళ్ళు తట్ట మోశాడు. మోసినది తట్ట. చూసినది కంట్రాక్టర్లను. వాళ్ళు వేలు చూపిస్తే పదిమంది పరుగెత్తుతారు. ఆ వేలు చూపించడం ఒక్కటే ఇతను నేర్చుకున్నాడు. యుద్ధం ముగిసి ఊరికి వచ్చాక మళ్ళీ తట్ట పట్టలేదు. భార్య నాగులమ్మ స్టేషను బయట ఇడ్లీలు అమ్మి ఇల్లు నడిపేది. ఇతను ఆ ఇడ్లీలు తిని, టోపీ పెట్టుకొని, ఊరిమీద పడేవాడు. నా ఇంటికి రాకముందు ఇతను చేసిన పని ఒక్కటే. ఒక బియ్యం వ్యాపారి గోదాముకు గుమ్మం పెట్టాడు. బస్తా పట్టే వెడల్పు ఉంది. బస్తా మోసే మనిషి పట్టే వెడల్పు లేదు.

సిమెంటు పర్మిట్టు మీద తప్ప దొరకని రోజులవి. దామోదరం ఎవరినో పట్టుకొని ఎనిమిది మూటలకు పర్మిట్టు తెచ్చాడు. అతను తన జన్మలో సాధించిన పని అది ఒక్కటే. అదైనా సాధించకుండా ఉంటే బాగుండేది.

గోడలు లేచినంతకాలం నేను అక్కడే నిలబడ్డాను. అందుకే గోడలు తిన్నగా వచ్చాయి. ఎనిమిది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. ఇంటి వెనక వసారాలోకి వాకిలి పెట్టించాను. ఆ వసారాకు అవతలే పురిటి గది. బాలింత నాలుగడుగులు వేస్తే చాలు, బయటి గాలి తగలకుండా లోపలికి చేరుతుంది. వాకిలికి ఎదురు గోడ అడుగున, పెరటి వైపుకు, నీళ్ళు పోయే తూము కూడా నేనే దగ్గరుండి పెట్టించాను. కప్పు కూడా పడ్డాక ఇక నేల ఒక్కటే మిగిలింది. అప్పుడు తడ ఊరి దగ్గర మా చిన్నాయన కొడుకుల గట్టు తగాదా ముదిరి, నేను వస్తే తప్ప తెగదని కబురు వచ్చింది. వెళ్ళాను. తొమ్మిది రోజుల్లో తెంచాను. ఆ గట్టు ఇప్పటికీ నేను రాళ్ళు పాతించిన చోటే ఉంది.

నేను తిరిగి వచ్చేసరికి ఇంటినిండా జనం. గోవిందస్వామి నేల పూర్తి చేసి, చూడటానికి ఊరివాళ్ళను పిలిచాడు. నేల అద్దంలా ఉంది. అందులో అతని టోపీ తలకిందులుగా కనిపిస్తోంది.

"ముఖం చూసుకొని బొట్టు పెట్టుకోవచ్చు బావా," అన్నాడు దామోదరం.

"బొట్టు లోపల పెట్టుకుంటారు. తప్పుకోండి," అంటూ దేవకమ్మ వచ్చింది.

దేవకమ్మ మా ఊరి మంత్రసాని. అరవై దాటిన మనిషి. పంకజాక్షిని భూమి మీదికి తెచ్చింది ఆమె చేతులే. ఆమెకు ఒక పద్ధతి ఉంది. ఏ ఇంటి కాన్పు ఒప్పుకున్నా, ముందుగా ఆ ఇంటి స్నానాల చోటును పరీక్షిస్తుంది. గోడ దగ్గర పీట వేసుకొని, కాళ్ళు ముందుకు చాచి, కాళ్ళ మీద ఒక సొరకాయను బిడ్డలా పడుకోబెడుతుంది. నూనె రాసి, సున్నిపిండి రుద్ది, చెంబుతో నీళ్ళు పోస్తుంది. సొరకాయ కదలకుండా ఉంటే ఆ చోటు మంచిది. కదిలితే ఆ ఇంట్లో బిడ్డకు నీళ్ళు పొయ్యదు. ఎవరు బతిమాలినా పొయ్యదు.

గోవిందస్వామి నవ్వాడు. "సొరకాయకు తానమేందవ్వా? ఇది సిమెంటు."

"నీకు తెలియదులే నాయనా. నువ్వు టోపీ పట్టుకో," అంది దేవకమ్మ.

ఎదురు గోడకు ఆనుకొని పీట వేసుకుంది. వాకిలి వైపు కాళ్ళు చాచింది. నూనె, సున్నిపిండి అయ్యాయి. మొదటి చెంబు పోసింది. రెండో చెంబు పోసింది. పీట కదిలింది. దేవకమ్మ మడమలు తన్నిపెట్టింది గాని, ఆ నున్నటి నేల మీద అవి ఆనలేదు. పీటతో సహా జర్రున జారి గడప దగ్గరికి వచ్చి ఆగింది. సొరకాయ ఆగలేదు. గడప దాటి, వసారా దాటి, పురిటి గది తలుపుకు తగిలి పగిలింది. దాని వెనకాలే నూనె నీళ్ళు కూడా అక్కడికే పారాయి.

ఎవరూ నవ్వలేదు. భారతమ్మ వెళ్ళి ఆ పగిలిన సొరకాయను చేతుల్లోకి తీసుకొని కొంగుతో తుడిచింది. నిండు నెలల పంకజాక్షి గోడ పట్టుకొని నిలబడి తల్లినే చూస్తోంది.

నేను నేల మీద అరచేయి పెట్టి చూశాను. అడుగుకు అర అంగుళం చొప్పున వాటం, తిన్నగా వాకిలి వైపుకే.

"ఇంటి లోపలికి వాటం ఎందుకు పెట్టినావప్పా?" అని అడిగాను.

"నీళ్ళు వాకిట్లో నుంచే కదన్నా బయటికి పొయ్యేది?"

"యాడ సూసినావు అట్ట?"

"అరక్కోణంలో. అన్ని షెడ్లూ అట్టే ఉండాయి."

"ఏం షెడ్లు?"

"లారీలు కడిగే షెడ్లు."

నేను తూము వైపు చూపించాను. అది నేలకు ఎగువ చివర, ఒక్క చుక్క తడి లేకుండా ఉంది. "మరి అదెందుకు ఉంచినావు?"

"మీరు పెట్టమన్నారు గదన్నా."

దేవకమ్మ నడుం పట్టుకొని లేచింది. "మన పంకజాక్షికి చక్రాలు లేవు నాయుడా. ఉంటే ఈ గది బాగా పనికొచ్చును."

అప్పుడైనా ఆ మనిషి నోరు మూసుకోవచ్చు. మూసుకోలేదు. రసమట్టం జేబులోంచి తీసి, గోడను నాలుగు వైపులా చూసి అన్నాడు: "ఇదేం పెద్ద పని కాదన్నా. వాకిలి మూసేసి పెరడు తట్టు పెడితే సరిపోతాది."

"పెరడు తట్టు వాకిలి ఉంటే, బాలింత వానలో నడిచి రావాలప్పా," అన్నాను. "మా చెల్లెలు అట్టే వచ్చింది."

ఆ మాటతో అతని టోపీ చేతిలోకి వచ్చింది. నా ఇంట్లో అది దిగడం అదే మొదలు.

లెక్కకు ఇంకా పదహారు రోజులున్నాయి. బండి కట్టించి మునిరామయ్యను పిలిపించాను. ఆయన గడప దగ్గరే నిలబడి లోపలికి ఒకసారి చూశాడు.

"గచ్చుకు సమయం లేదు నాయుడా. ఇదంతా పగలగొట్టి, మొరం పోసి దిమ్మిస కొడదాం. గరుకు బండలు పరిచి సందుల్లో సున్నం కూరితే ఆరు దినాల పని. బండలు మా కొండలో నేను ఏరి పంపిస్తా."

"ఇది యుద్ధం సిమెంటు. పగలదు," అన్నాడు గోవిందస్వామి.

గడ్డపార తెప్పించి, పైపంచె నడుముకు చుట్టుకొని, యాభై ఎనిమిదేళ్ళ వయసులో నేనే దిగాను. మూడో పోటుకు పెచ్చు లేచింది. కింద మట్టిని దిమ్మిస కూడా కొట్టించలేదు. గుల్ల నేల మీద అప్పడంలా పరిచాడు ఆ మహానుభావుడు.

మునిరామయ్య ఆ పెచ్చును తిప్పి చూశాడు. "మీ నాయన కాల్చిన సున్నం ఈ ఇంటి గోడల్లో అరవై ఏండ్లుగా ఉండాది అబ్బా. నీది ఆరు దినాలు ఉండినట్టుండాదే."

నేను గోవిందస్వామికి తట్ట చూపించాను. "ఎత్తుకో."

"నేను కంట్రాక్టరునన్నా."

"నీ కంట్రాక్టు ఇంకా అయిపోలేదు. ఎత్తుకో."

ఊరంతా చూస్తుండగా ఎత్తుకున్నాడు. దామోదరం మెల్లగా జారుకోబోతే అతని నెత్తిన కూడా ఒకటి పెట్టాను. స్టేషనుకు పోవాలని గొణిగాడు. బండ్లు అతను చూడకపోయినా పోతాయని చెప్పాను. రెండు తట్టలకే దామోదరం మెడ పట్టేసింది. గోవిందస్వామి మాత్రం సాయంత్రం దాకా మోశాడు. మెడ వంగలేదు, పెళ్ళ జారలేదు. అతనికి వచ్చిన విద్య అదొక్కటేనని, దాన్నే వదిలేసి తిరుగుతున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. తెలివితక్కువవాళ్ళను చాలామందిని చూశాను గాని, తనకు వచ్చిన పనికే సిగ్గుపడేవాణ్ణి అతన్నే చూశాను.

మునిరామయ్య ఆరు రోజులన్నది అయిదు రోజుల్లో ముగించాడు. బండబండకూ నేను నీళ్ళు పోసి చూశాను. ఏడో రోజున నొప్పులు మొదలయ్యాయి. అంటే లెక్కకన్నా ముందే. ఆడపిల్ల పుట్టింది.

పదకొండో నాడు పొద్దున నుంచి వాన. గాలి పెరట్లో అరటి ఆకులను చీరేస్తోంది. లోపల పురుటి స్నానం జరుగుతోంది. మగవాడికి అక్కడ పని లేదు కాబట్టి, నేను గొడుగు వేసుకొని పెరట్లో తూము దగ్గర నిలబడ్డాను. అప్పుడు వచ్చాడు గోవిందస్వామి, టోపీ చంకలో పెట్టుకొని.

"చిత్తూరులో ఒక పని ఉండాదన్నా," అన్నాడు. "పెద్ద పని. నాయుడింట్లో తానాల గది కట్టింది నేనేనని మీ చేత్తో ఒక సర్టిఫికెట్టు రాసిస్తే..."

"ఉండు. మాట్లాడబాక," అన్నాను.

తూములోంచి ఇంకా ఏమీ రాలేదు. లోపల దేవకమ్మ గొంతు వినిపించింది, "కళ్ళు మూసుకో తల్లీ" అని. చెంబు చప్పుడైంది. తర్వాత నీళ్ళు వచ్చాయి. మొదట సన్నగా, తర్వాత ధారగా, పసుపు, నూనె, సున్నిపిండి నురుగుతో వచ్చి అరటి పాదులోకి దిగాయి. నేను చూస్తూనే నిలబడ్డాను. బిడ్డ ఏడుపు కూడా వినిపించింది. కాసేపటికి వసారాలోంచి భారతమ్మ పిలిచి చెప్పింది: "గదిలోకి వచ్చేసింది. ఒక్క వాన చుక్క కూడా మీద పడలేదు."

గొడుగు కింద నా కళ్ళు తుడుచుకొని, అప్పుడు గోవిందస్వామి వైపు తిరిగాను. లోపలికి తీసుకెళ్ళి, కాగితం తీసి, నా దస్తూరీతో రాశాను. నేను అబద్ధం రాసే మనిషిని కాను. 'గోవిందస్వామి అనే ఈ మనిషి తట్ట బాగా మోస్తాడు. పెళ్ళ జారనివ్వడు. నేను కళ్ళారా చూశాను.' కింద సంతకం పెట్టి ఇచ్చాను.

అతను కూడబలుక్కొని చదివాడు. రెండోసారి కూడా చదివాడు. నాలుగు మడతలు పెట్టి, పెన్సిళ్ళ పక్కన జేబులో పెట్టుకొని, వానలో స్టేషను వైపు వెళ్ళిపోయాడు.