కండువా అంచు

అరవై దాటాక మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే మా గుడి అయ్యగారి గురించి ఇన్నేళ్లూ రాయలేకపోయాను.

మా తాతలు ఓడెక్కి వలసొచ్చిన బాగన్ దాతుక్ కొబ్బరితోటల్లో ఆయన మాటకు ఎదురుండేది కాదు. ఏ తీర్పు చెప్పినా, వెంటనే కండువా అంచుతో చేతులు తుడుచుకునేవారు.

మా అక్క పెళ్లి చేసింది ఆయనే. పక్కన దీపం పట్టుకున్నది నేను. గుడి పెద్ద అయిన బావ చనిపోయాక ఆ పెద్దరికం అక్క కొడుక్కి రావాలి. కానీ దాని మీద కన్నేసిన బావ తమ్ముడు తన కూతుర్ని అయ్యగారి ఇంటికి కోడలిగా పంపాడు.

గుడి ముందు అందరూ వింటుండగా అయ్యగారు మా అక్క పెళ్లి గురించి, "ఆ పెళ్లి నాను సెయ్యలేదు," అన్నారు.

"నాను సూసినాను, అయ్యగారూ!" అన్నాను.

"ఏలిముద్ర మనిసివి, నీ మాటేటి! రాసిత్తావేటి?"

జనం నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే, "పెళ్లి లేని తల్లి కొడుక్కి పెద్దరికమా!" అంటూ బావ తమ్ముడి మనుషులు కొబ్బరి కత్తులతో అక్క కొడుకు మీద పడ్డారు. వాడి కుడిచెయ్యి తెగి గుడి మెట్టు మీద పడింది. రక్తం అయ్యగారి పంచె మీదకు చిమ్మింది. ఆయన చేతులు తుడుచుకున్నారు.

నిన్న ఇదంతా రాసి సంతకం పెట్టాను. ఈ పొద్దున పూజకొచ్చిన జనం ముందు గట్టిగా చదివి, కాగితం ఆయన రెండు చేతుల్లో పెట్టాను. ఆయన వేళ్లు అలవాటుగా కండువా వైపు కదిలాయి.

"కాగితం కింద ఎట్టకండి, అయ్యగారూ," అన్నాను.